రైతు నడుమూ - థాయ్ మర్దనా

మసాజ్ మీద వ్యాసం రాస్తున్నానని చెప్పగానే మా హాస్టలు మిత్రులు కొందరు పకపకా నవ్వారు. "సావనీర్ కమిటీ వాళ్ళు వేసుకుంటారంటావా?" అని ఒకాయన సందేహం కూడా వెలిబుచ్చాడు. వాళ్ళననీ లాభం లేదు. పట్నాల్లో రంగుదీపాల బోర్డులూ, పేపర్లలో పోలీసు దాడుల వార్తలూ చూసి చూసి ఆ మాటకి మన దగ్గర ఒక మకిలి అంటుకుంది. మర్దన అంటే వైద్యుడి మాట, మసాజ్ అంటే గుసగుసల మాట అయి కూర్చుంది. నేను రాయబోయేది వరిచేల మధ్య బతికిన ఒక విద్య గురించి.

2019 డిసెంబరులో కొలంబియా రాజధాని బొగోటాలో జరిగిన సమావేశంలో యునెస్కో వారు "నువాద్ థాయ్" అనే థాయిలాండ్ సంప్రదాయ మర్దనను మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చారు. మన యోగా 2016లోనూ, కుంభమేళా 2017లోనూ చేరింది ఆ జాబితాలోనే. చేర్చిన సందర్భంలో ఇచ్చిన వివరణలో ఒక విషయం నన్ను పట్టుకుని వదలలేదు. ఈ విద్యకు మూలం రాజుల కోటల్లో కాదట, పూర్వపు థాయ్ రైతుల సమాజంలోనట. ప్రతి పల్లెలోనూ ఒక మర్దన వైద్యుడో, వైద్యురాలో ఉండేవారు. పొలం పనితో ఒళ్ళు హూనమైనవాళ్ళు వారి దగ్గరికి పోయేవారు. రైతు కుటుంబం నుంచి సైన్సు చదవడానికి వచ్చినవాణ్ణి కనుక నాకు ఆ వాక్యం దగ్గరే చదువు ఆగిపోయింది.

వరి పండించేవాళ్ళ నడుము గురించి ముందు రెండు మాటలు. మాది గోదావరి డెల్టాలో చిన్న కమతం. ఊడుపుల రోజుల్లో ఆడవాళ్ళు పొద్దున్నే చేలో దిగి వంగితే మధ్యాహ్నం అన్నాల వేళ దాకా ఆ వంగుడు వంగుడే. నడుమ నడుమ చెయ్యి వెనక్కి ఆనించి ఒక్క క్షణం నిటారుగా నిలబడి "అబ్బా" అని మళ్ళీ వంగుతారు. ఇంటర్లో చదువుకున్న తులాదండం లెక్క ఇక్కడ వేసి చూడండి. 60 కిలోల మనిషిలో నడుముకి పైభాగం బరువు 35 కిలోలు అనుకుందాం. ముందుకి వంగినప్పుడు ఆ బరువు వెన్ను అడుగుభాగం నుంచి పాతిక సెంటీమీటర్ల ముందు వేలాడుతుంది. దాన్ని వెనక నుంచి లాగి పట్టే కండరాలు వెన్నుకి అయిదు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. అంటే అయిదు రెట్లు బలం కావాలి, 175 కిలోలు. చేతిలో నారుకట్ట బరువు ఇంకా కలపలేదు. పూర్తిగా వంగిపోయినప్పుడు కండరాలు చాలావరకు చేతులెత్తేస్తాయి. అప్పుడు భారమంతా వెన్నుపూసల్ని కట్టి ఉంచే బంధనాల మీద పడుతుంది. సాయంకాలం గట్టెక్కినవాళ్ళు వెంటనే నిటారుగా నడవలేకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఈ నొప్పికి మన పల్లెల్లో ఇవాళ దొరుకుతున్న మందేమిటి? బిళ్ళ. మా నాన్న దమ్ము చేసిన రోజూ, బస్తాలెత్తిన రోజూ రాత్రి ఒక నొప్పి బిళ్ళ వేసుకోవడం కాఫీ తాగినంత అలవాటు చేసుకున్నాడు. తగ్గకపోతే ఊళ్ళో సూదిమందు వేసే ఆయన ఉండనే ఉన్నాడు. పొడిస్తే రెండు రోజులు హాయి. ఆ బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయనీ, మూత్రపిండాలు దెబ్బతింటాయనీ మా ఫిజియాలజీ పాఠంలోనే ఉంది. అది ఇంటికెళ్ళి చెబితే, "అయితే రేప్పొద్దున పని మానెయ్యమంటావా?" అని మా నాన్న అడుగుతాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నేను థాయ్ మర్దన వైపు చూసింది ఆ జవాబు కోసమే.

మా బావ బాంకాక్‌లో ఒక భారతీయ హోటల్లో వంటమనిషి. రోజంతా పొయ్యి దగ్గర నిలబడే పని కనుక కాళ్ళ నొప్పులతో మర్దనకు వెళ్ళడం మొదలెట్టి, చివరకు అక్కడి వాట్ ఫో అనే బౌద్ధాలయం వారి పాఠశాలలో 30 గంటల ప్రాథమిక కోర్సు చేశాడు. రోజుకి ఆరేసి గంటల చొప్పున అయిదు రోజులు. నిరుడు సంక్రాంతికి వచ్చినప్పుడు మా నాన్న మీద ఆ విద్య ప్రయోగించాడు. నేను పక్కన కూర్చుని చూసిందీ, తర్వాత చదివి తెలుసుకుందీ కలిపి ఇక్కడ వివరిస్తాను.

మొదటి విశేషం, నూనె ఉండదు. మనకి మర్దన అనగానే నువ్వులనూనె గిన్నె గుర్తొస్తుంది గదా. అక్కడ మనిషి వదులైన పంచె, చొక్కా లాంటి బట్టలతోనే నేలమీద పరుపో, చాపో వేసుకుని పడుకుంటాడు. మంచం పనికిరాదు, ఎందుకంటే చేసేవారు తమ శరీరం బరువంతా వాడుకోవాలి. పని పాదాల దగ్గర మొదలవుతుంది. పాదాలు, పిక్కలు, తొడలు - ఈ కాళ్ళకే దాదాపు సగం సమయం పోతుంది. ఆ తర్వాత చేతులు, పక్కకి తిప్పి ఒకసారి, బోర్లా తిప్పి వీపు, ఆఖరున కూర్చోబెట్టి మెడ, భుజాలు, తల. మొత్తం గంట నుంచి రెండు గంటలు. "నడుము నొప్పంటే కాళ్ళు పిసుకుతావేమిట్రా?" అని మా నాన్న మొదటి పావుగంటలోనే విసుక్కున్నాడు. కాని తొడ వెనక కండరాలు బిగుసుకుంటే అవి కటి ఎముకని కిందికి లాగుతాయి, అది నడుముని లాగుతుంది. ఈ సంగతి కుక్కని కోసిన, కప్పని కోసిన ఏ జువాలజీ విద్యార్థికైనా సులభంగానే అర్థమవుతుంది.

చేసే పద్ధతి రెండు రకాలు కలిసిన అల్లిక. ఒకటి నొక్కడం, రెండోది సాగదీయడం. నొక్కడానికి బొటనవేళ్ళు, అరచేతులు, మోచేతులు, మోకాళ్ళు, పాదాలు అన్నీ వాడతారు. పిసకడం, రుద్దడం తక్కువ. ఒక బిందువు మీద నెమ్మదిగా బరువు దించి, కొన్ని సెకన్లు అలాగే ఉంచి, మళ్ళీ నెమ్మదిగానే తీసేస్తారు. ఎముక మీద నొక్కరు, ఎముక పక్కన కండలోనే. ఇక్కడ మా బావ చెప్పిన రహస్యం ఒకటి ఉంది. మోచెయ్యి వంచకూడదు. చెయ్యి కర్రలాగా నిటారుగా పెట్టి ఒళ్ళు ముందుకి వాల్చాలి. అప్పుడు బలం కండలది కాదు, బరువుది. అందుకే బక్కపలచని ఆడమనిషి కూడా రోజుకి నలుగురైదుగురు పెద్ద మనుషులకి మర్దన చేసి అలసిపోకుండా ఉండగలుగుతుంది. లెక్క కావాలంటే ఇదిగో. 15 కిలోల బరువు వాల్చినప్పుడు అది మూడు చదరపు సెంటీమీటర్ల బొటనవేలి కొస మీదుగా పోతే చదరపు సెంటీమీటరుకి అయిదు కిలోలు. అదే బరువు 75 చదరపు సెంటీమీటర్ల అరచేతి మీదుగా పోతే 200 గ్రాములు. ఇరవై అయిదు రెట్లు తేడా! అందుకే ముందు అరచేత్తో మెత్తబరిచి ఆ తర్వాతే వేలు దించాలి. ముందే వేలు దించితే కండ ఎదురుతిరుగుతుంది.

సాగదీయడం చూడ్డానికి కుస్తీ పట్టులా ఉంటుంది. పడుకున్నవాడి కాలు ఎత్తి భుజాన వేసుకుని ముందుకి వాలడం, రెండు చేతులూ పట్టుకుని వెనక్కి లాగి పాములాగా పైకి లేపడం, మోకాళ్ళు వీపుకి ఆనించి వెనక్కి వంచడం. మన యోగాసనాలే, కాకపోతే మన శ్రమ లేకుండా ఇంకొకరు వేయిస్తారు. విదేశీయులు దీన్ని సోమరిపోతుల యోగా అంటారట. ఆ పేరు నాకు నచ్చలేదు. రోజంతా ఊడ్చి వచ్చినవాణ్ణి సోమరిపోతు అనడం ఏం న్యాయం?

ఇదంతా జనపద్ధతి. దీనికి పక్కన రాజాస్థాన పద్ధతి అని ఇంకొకటుంది. రాజుల ఒంటి మీద కాలు పెట్టడం, మోచెయ్యి పెట్టడం కుదరదు. కనుక అందులో చేతులు, బొటనవేళ్ళు మాత్రమే వాడతారు. మోకాళ్ళ మీద నడిచి దగ్గరికి వెళ్ళాలి, ముఖం పక్కకి తిప్పుకుని ఊపిరి తగలకుండా చెయ్యాలి. ఆ దేశపు ఆసుపత్రుల్లో వైద్యంగా చేసేది ఎక్కువగా ఈ రాజాస్థాన పద్ధతిలోనే. పల్లెటూరివాణ్ణి కనుక నా ఓటు మాత్రం జనపద్ధతికే.

కాళ్ళతో తొక్కడం కొత్త సంగతేమీ కాదు. 1687లో ఫ్రెంచి రాజు పధ్నాలుగో లూయీ తరఫున దూతగా సయాం దేశానికి వెళ్ళిన సిమోన్ ద లా లుబేర్ తన పుస్తకంలో దీన్ని రాశాడు. అక్కడివాళ్ళకి జబ్బు చేస్తే ముందుగా ఒళ్ళంతా మెత్తబరిపించుకుంటారనీ, నేర్పరి ఒకడు రోగి మీదికెక్కి పాదాలతో తొక్కుతాడనీ ఆయన వర్ణించాడు. పాపం దొరగారికి అది వింతగా తోచి ఉంటుంది. మన ఇళ్ళల్లో తాతయ్య బోర్లా పడుకుని "ఒరేయ్, నా కాళ్ళు కాస్త తొక్కరా" అంటే గోడ పట్టుకుని తొక్కని మనవడు ఎవడున్నాడు? కేరళలో కలరి విద్య నేర్పే గురువులు పైనుంచి వేలాడే తాడు పట్టుకుని శిష్యుల ఒళ్ళు పాదాలతో మర్దించడం నేటికీ ఉంది.

ఇక చరిత్ర. థాయ్ మర్దన వైద్యులు పని మొదలెట్టే ముందు చేతులు జోడించి గురువందనం చేస్తారు. దాన్ని వాళ్ళు "వై ఖ్రూ" అంటారు. ఖ్రూ అంటే గురువే. ఆ గురువు ఎవరో కాదు, మన మగధ రాజ్యపు జీవకుడు. బింబిసారుడికీ, బుద్ధుడికీ వైద్యుడు. తక్షశిలలో ఏడేళ్ళు చదివి, ఆమడ దూరంలో మందుకి పనికిరాని మొక్క ఒక్కటైనా తెమ్మంటే ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడు. జీవకుడు నిజంగా ఈ మర్దన నేర్పాడా అంటే, చరిత్రకారుల దృష్టిలో అది గురుపరంపర గౌరవమే గాని రుజువున్న సంగతి కాదు. బౌద్ధంతో పాటు మందుల తెలివీ, ధాతువుల సిద్ధాంతమూ ఇక్కడి నుంచి అక్కడికి చేరాయి. అక్కడి పల్లెల చేతి విద్యతో కలిశాయి. అంతవరకు చెప్పుకుంటే చాలు.

1767లో బర్మా సేనలు అయుత్తయ రాజధానిని తగలబెట్టినప్పుడు తాళపత్ర గ్రంథాలెన్నో బూడిదయ్యాయి. వైద్య గ్రంథాలూ వాటిలో పోయాయి. విద్య మాత్రం వైద్యుల నోళ్ళలోనూ, చేతుల్లోనూ మిగిలింది. ఆ తర్వాత 1824 నుంచి 1851 వరకు ఏలిన మూడో రామరాజు ఒక గొప్ప పని చేశాడు. బాంకాక్‌లోని వాట్ ఫో ఆలయాన్ని బాగుచేయిస్తూ, 1831 నుంచి 1841 వరకు పండితుల్నీ వైద్యుల్నీ పిలిపించి, తెలిసిందంతా రాయించి రాతి పలకల మీద చెక్కించాడు. మతం, కవిత్వం, చరిత్ర, వైద్యం అన్నీ కలిపి సుమారు 1,440 శాసనాలు. వాటిలో మర్దనకు సంబంధించిన పలకలు 60. మనిషి బొమ్మ ముందునుంచీ, వెనకనుంచీ గీసి, ఏ గీత ఎక్కడ పోతుందో, ఏ బిందువు నొక్కితే ఏ నొప్పికి పనిచేస్తుందో చెక్కారు. వచ్చిపోయేవాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు. కులం అడిగేది లేదు, ఫీజు లేదు. దాన్నే థాయిలాండ్ మొదటి విశ్వవిద్యాలయం అని చెప్పుకుంటారు. ఈ శాసనాలను 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. అదే ఆలయంలో 1836లో ఋషుల విగ్రహాలు పోతపోయించారు. ఒక్కో ఋషి ఒక్కో భంగిమలో ఒళ్ళు విరుచుకుంటూ ఉంటాడు. "రుసీ దాత్ తోన్" అంటారు. రుసీ అంటే మన ఋషే. ఒంటరిగా ఉన్నవాడు తన ఒళ్ళు తానే సాగదీసుకునే పద్ధతులవి. 80 విగ్రహాలు పోస్తే ఇప్పుడు మిగిలినవి కొన్నే. ఆ ఆవరణలోనే సంప్రదాయ వైద్య పాఠశాల 1955లో మొదలైంది. మా బావ చదివింది అక్కడే.

ఆ 60 పలకల మీద గీసిన గీతల పేరు "సేన్". శరీరంలో 72,000 సేన్‌లున్నాయనీ, వాటిలో పది ముఖ్యమైనవనీ, అవన్నీ నాభి పరిసరాల నుంచి బయలుదేరతాయనీ సిద్ధాంతం. మొదటి మూడింటి పేర్లు వినండి: సుమన, ఇత్థ, పింగల. మన సుషుమ్న, ఇడ, పింగళ సముద్రం దాటి వేషం మార్చుకున్నాయి. ఈ దారుల్లో గాలి నడుస్తుందట. అది అడ్డుపడితే నొప్పి. భూమి, నీరు, గాలి, నిప్పు అనే నాలుగు ధాతువులు సమంగా లేకపోతే రోగం. మా అమ్మ కూడా "గాలి పట్టేసిందిరా" అనే అంటుంది గాని ట్రెపీజియస్ కండరం బిగుసుకుందని అనదు.

సైన్సు విద్యార్థిగా ఇక్కడ నేను ఆగి తీరాలి. శవాన్ని కోసి చూస్తే సేన్‌లు కనపడవు. నరాలు కనపడతాయి, రక్తనాళాలు కనపడతాయి, సేన్ మాత్రం కనపడదు. మరి మర్దనతో నొప్పి తగ్గడం అబద్ధమా? కాదు. మోచెయ్యి గోడకి తగిలితే మనం వెంటనే ఏం చేస్తాం? గట్టిగా రుద్దుకుంటాం. ఎందుకు రుద్దుకుంటామో 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ద్వార సిద్ధాంతం పేరిట వివరించారు. నొప్పి వార్తని మోసే నరపు పోగులు సన్ననివి. స్పర్శని, ఒత్తిడిని మోసేవి లావైనవి. వెన్నుపాములో రెండూ ఒక గేటు దగ్గర చేరతాయి. లావు పోగుల వార్త జోరుగా వస్తుంటే సన్న పోగుల వార్తకి గేటు మూసుకుంటుంది. రెవెన్యూ ఆఫీసులో పెద్ద రైతు లోపలుంటే చిన్న రైతు అర్జీ వరండాలో ఆగినట్టు! ఆ సిద్ధాంతాన్ని తర్వాత చాలా సవరించారు గాని మూల భావన నిలిచింది. రెండోది, నెమ్మదిగా సాగదీసి కాసేపు నిలిపితే ఆ సాగుడుని ఓర్చుకునే శక్తి పెరుగుతుంది, కదలిక తేలికవుతుంది. మూడోది, గంటసేపు మనల్ని ఎవరూ పిలవకుండా, ఎవరో శ్రద్ధగా ముట్టుకుంటుంటే గుండె వేగం తగ్గి, శ్వాస నెమ్మదించి, నిద్ర ముంచుకొస్తుంది. మా నాన్న వీపు దగ్గరికి వచ్చేసరికే గుర్రు పెట్టాడు.

పనిలో పనిగా ఒక పుకారు కూడా ఖండించాలి. మర్దన వల్ల కండల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లం, విషాలు బయటికి పోతాయని చాలామంది చెబుతారు. లాక్టిక్ ఆమ్లం పని ఆపిన గంట, రెండు గంటల్లోనే తనంతట తాను రక్తంలో కలిసి ఖర్చయిపోతుంది. మర్నాటి నొప్పికి కారణం కండపోగులు సూక్ష్మంగా చిట్లడం. విషాలు బయటికి తోసే పని కాలేయానిదీ, మూత్రపిండాలదీ.

పరీక్ష పెట్టి చూసినవాళ్ళున్నారు. థాయిలాండ్ ఈశాన్య ప్రాంతంలోని ఖోన్ కేన్ విశ్వవిద్యాలయం వారు వీపు నొప్పి ఉన్న 180 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి థాయ్ మర్దన, ఇంకో జట్టుకి స్వీడిష్ పద్ధతిలో నూనె మర్దన చేయించారు. ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. రెండు జట్లలోనూ నొప్పి బాగా తగ్గింది. దేనికంటే ఏది మేలనే తేడా తేలలేదు. తమ దేశపు విద్య గొప్పదని తేల్చుకోవడానికి బయలుదేరి, ఎదుటిదీ సమానమే అని తేలితే దాన్ని అచ్చువేయడం నాకు ఆ 60 పలకలంత గొప్పగానూ తోచింది. ఇంకొక మాట. 2015లో కాక్రేన్ వారు నడుము నొప్పికి మర్దన గురించిన 25 పరీక్షల్ని కలిపి పరిశీలించారు. కొద్దికాలం ఉపశమనం కనిపిస్తుంది గాని, ఆ రుజువులు బలమైనవి కావనీ, ఎక్కువకాలం నిలిచే మేలు కనిపించలేదనీ తేల్చారు. అంటే మర్దన జబ్బుని కుదర్చదు. కొన్ని రోజులు ఊపిరి పీల్చుకోనిస్తుంది. రైతు అడిగేది కూడా అంతే గదా. బిళ్ళ ఇచ్చేదీ అంతే. తేడా ఏమంటే మర్దన మూత్రపిండాల జోలికి పోదు.

జోలికి పోయే చోట్లు వేరే ఉన్నాయి, అవి తప్పకుండా చెప్పాలి. ఎముకలు గుల్లబారిన ముసలివాళ్ళ వీపు తొక్కకూడదు, ముఖ్యంగా అమ్మమ్మల, నాయనమ్మల వీపు. షుగరు వల్ల పాదాలకి తిమ్మిరి ఉన్నవాళ్ళకి గట్టిగా నొక్కితే నొప్పి తెలియదు, గాయమైనా తెలియదు. ఒక్క కాలే వాచి, వేడిగా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టిందేమో, దాన్ని ముట్టుకోకూడదు, ఆసుపత్రికి పోవాలి. నడుము నొప్పితో పాటు కాలు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా మర్దన కాదు, డాక్టరు కావాలి. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళకి, జ్వరం ఉన్నవాళ్ళకి వద్దు. మెడని పటుక్కుమనిపించడం ఎవరికీ వద్దు. మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమనులు మెడ పూసల గుండానే పోతాయి. థాయ్ పద్ధతిలో గజ్జల దగ్గర ధమనిని అరచేత్తో అరనిమిషం పాటు నొక్కి వదిలే ప్రక్రియ ఒకటుంది. దాన్ని గాలి తలుపు తెరవడం అంటారు. వదలగానే వేడి జల్లుమని పాదాల దాకా పాకుతుంది. గాలి కాదు, ఆపిన రక్తం ఒక్కసారిగా పరుగెత్తడమే అది. గుండెజబ్బు, రక్తపోటు, ఉబ్బిన సిరలు ఉన్నవాళ్ళకీ, గర్భిణులకీ చెయ్యకూడదని పాఠశాలల్లో నేర్పుతారు. ఇంట్లో ప్రయోగాలకి అది తగదు.

మందుమూట సంగతి మా అమ్మకి బాగా నచ్చింది. "లూక్ ప్రకోప్" అని పేరు. ప్లై అనే అల్లంజాతి దుంప, పసుపు, నిమ్మగడ్డి, నిమ్మతొక్క, చింతాకు, ఉప్పు, కర్పూరం దంచి గుడ్డలో బంతిలా మూటకట్టి, ఆవిరిమీద కాచి, నొప్పి ఉన్నచోట అద్దుతారు. "ఓస్, కాపడమేగా!" అంది. నిజమే. ఇసుకమూట, ఉప్పుమూట, వావిలాకుమూట మనకి తెలియనివా? ఉత్తరాన చియాంగ్ మాయ్ వైపు లాన్నా ప్రాంతంలో ఇంకా విచిత్రమైన పద్ధతి ఉంది. నాగటి కర్రుని నిప్పులమీద కాలుస్తారు. వైద్యుడు తన పాదాన్ని మూలికల నూనెలో ముంచి, కాలిన కర్రు మీద ఒక్క క్షణం ఆనించి, ఆ వేడి పాదంతో రోగి నడుము తొక్కుతాడు. "యామ్ ఖాంగ్" అంటారు. నడుము వంచిన నాగలే నడుముకి కాపడం పెట్టడమన్నమాట! ఆ ప్రాంతంలోనే చింతకర్ర మేకు, చింతకర్ర సుత్తి పట్టుకుని సేన్‌ల వెంబడి టక్ టక్‌మని కొట్టే పద్ధతి కూడా ఉంది. ఆ చప్పుడు వినడానికే చాలామంది నిద్రపోతారట.

ఆ మకిలి థాయిలాండ్‌కీ తప్పలేదు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనికులు సెలవులకి బాంకాక్ వచ్చేవారు. మర్దన పేరుతో వేరే వ్యాపారం పుట్టింది. 1966లో వచ్చిన వినోదస్థలాల చట్టంలో మసాజ్ పార్లర్లు నాట్యశాలల సరసన చేరాయి. అక్కడి సంప్రదాయ వైద్యులకి అది ఎంత తలవంపో ఊహించుకోవచ్చు. వాళ్ళు సిగ్గుపడి ఊరుకోలేదు. పాఠ్యప్రణాళికలు రాశారు. 2013లో సంప్రదాయ వైద్యవృత్తుల చట్టం వచ్చింది. 2016లో ఆరోగ్య మర్దనశాలలకి వేరే చట్టం వచ్చింది. ఆరోగ్యం కోసం చేసే మర్దనకి 150 గంటల శిక్షణ, వైద్యంగా చేయాలంటే 800 గంటలు. ప్రభుత్వాసుపత్రుల్లో సంప్రదాయ వైద్య విభాగాలు నడుస్తున్నాయి. చూపు లేనివారికి ఇది చక్కని బతుకుతెరువైంది, వేళ్ళే కళ్ళు గదా. చియాంగ్ మాయ్ మహిళా జైలులో శిక్ష ముగియవస్తున్న వారికి ఈ విద్య నేర్పి, బయటివారికి మర్దన చేయించి సంపాదన ఇప్పిస్తున్నారు.

మన వైపు చూస్తే పసిబిడ్డకి నలుగు పెట్టి కాళ్ళూ చేతులూ సాగదీసే మంత్రసాని ఉంది. తల మర్దించి, మెడ నరాలు సవరించి, భుజాలు తట్టే నాయీబ్రాహ్మణుడున్నాడు. బెణుకు చూసి చెయ్యిపెట్టి సర్దే వాళ్ళు ప్రతి నాలుగూళ్ళకి ఒకరున్నారు. వాళ్ళకి పలక చెక్కించిన రాజు లేడు, 180 మందిని పోగుచేసి పరీక్షించిన యూనివర్సిటీ లేదు. పైపెచ్చు ఆ పని చేసే కులాన్ని చిన్నచూపు చూశాం. వాళ్ళ పిల్లలు సెలూన్లలో కుర్చీలు వేసుకున్నాక, ఆ చేతి పని ముసలివాళ్ళతోనే ఆగిపోతోంది. వాళ్ళకి తెలిసినదానిలో ఏది మేలో, ఏది ప్రమాదమో ఎవరూ రాసి పెట్టలేదు.

మా ఊళ్ళో డెబ్భై దాటిన ఒక పెద్దాయన ఉన్నారు. నడుము పట్టేసినవాళ్ళు ఇప్పటికీ ఆయన అరుగు మీదికే వెళతారు. మడమతో ఎక్కడ తొక్కుతారో, ఎవరిని "నా వల్ల కాదు, ఆసుపత్రికి పో" అని పంపేస్తారో నాకు చూడాలనుంది. వేసవి సెలవుల్లో ఒక లాంగ్ నోట్‌బుక్, టేపు, మనిషి బొమ్మ ముందూ వెనకా గీసిన కాగితాలు కొన్ని తీసుకుని ఆయన దగ్గర కూర్చుంటానని కబురు పెట్టాను. నాతో పాటు రాదలచిన మెడికల్ కాలేజీ మిత్రులెవరైనా ఉంటే హాస్టలులో కలవవచ్చు. భోజనం మా ఇంట్లోనే.